సీసా వెనక చిన్న అక్షరాలు

బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, బరంపురంలోనైనా అంగట్లో దొరికే బాడీవాష్ సీసాల మీద 'చర్మానికి తేమ' అని పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. ఆ మాటలో నిజమెంతో సీసా వెనక ఉన్న చిన్న అక్షరాలు చెబుతాయి. ఇంట్లో ఇంగ్లీషు చదివే పిల్లలుంటే చదివించుకుని వినండి.

మన దేశంలో నూటికి ఒక పాలు మించిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసగా రాయాలి. మొదట నీరు ఉంటుంది. తరువాత సాధారణంగా సోడియం లారెత్ సల్ఫేట్ వంటి నురుగునిచ్చే పదార్థం. మురికిని వదిలించేది ఇదే, చర్మంలోని సహజమైన జిడ్డును కొంత లాగేసేదీ ఇదే. కొబ్బరి నూనె నుంచి తయారయ్యే కోకమిడోప్రొపైల్ బీటైన్ దాని ఘాటును తగ్గిస్తుంది. సోడియం క్లోరైడ్ అంటే మన ఉప్పే. అది ద్రవాన్ని చిక్కబరుస్తుంది. కనుక చిక్కగా ఉన్నంత మాత్రాన తేమ ఎక్కువనుకోకండి.

తేమను పట్టి ఉంచేది గ్లిజరిన్. అది వరసలో ముందుంటే మేలు. పరిమళం, పాడుకాకుండా కలిపే మందుల తరువాత ఎక్కడో చివర ఉంటే, నూటికి ఒక పాలు కూడా లేకపోవచ్చు.

మరొక మాట. ఒంటికి రాసినదాంట్లో ఎక్కువ భాగం నీళ్ళతోనే పోతుంది. చలికాలంలో చర్మం పగిలేవారు గోరువెచ్చని నీళ్ళతో త్వరగా స్నానం ముగించి, తడి పూర్తిగా ఆరకముందే కాస్త కొబ్బరి నూనె రాసుకోండి. సీసా ధర చూసి కాదు, వెనక వరస చూసి కొనండి. సెలవు.