వైద్యశాలలోని గాలి

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వీధులలోని చిన్న వైద్యశాలలకు బిడ్డల నెత్తుకొని పోవువారము మనమే. తలుపులు బిగించిన యిరుకు గదిలో ఏ.సి. యంత్రము లోపలి గాలినే చల్లఁబఱచి మరల వదలును. తట్టు సోఁకిన బిడ్డ వెడలిపోయినను దాని క్రిములు రెండు గంటలదాఁక గాలిలో నిలువఁగలవు. క్షయయుఁ గోవిడును గాలివలన వ్యాపించునవే.

హెపా వడపోతగల చిన్న యంత్రము నచట నుంచినచో, దానిలోఁ బ్రవేశించిన 0.3 మైక్రాను కణములలో నూటికి 99.97 పాళ్లు చిక్కుకొనును. యంత్రము గది పరిమాణమునకుఁ దగినదై యుండవలెను. వడపోతను వేళకు మార్చవలెను. కిటికీ తెఱచుటయు, మాస్కు ధరించుటయు మానరాదు.

మందునకై పోయి మఱియొక రోగము తెచ్చుకొనుట యేల? "అయ్యా, ఈ గది గాలిని శుద్ధి చేయు నేర్పాటు కలదా?" యని వైద్యుని వినయముగా నడుగుట తల్లుల కర్తవ్యమని మా మనవి.