మగ గొంతుకు ముందుకు జరిగే ఎదకాలం

మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్తే, ఎండాకాలం తెల్లవారుజామున మగ దుప్పుల అరుపులు వినిపిస్తాయి. సాటి మగవాటిని బెదిరించడానికే అరుస్తాయనుకుంటాం. ఆ అరుపు ఆడవాటి ఒంట్లోనూ పనిచేస్తుందా? ఎర్రజింకల్లో చేస్తుందని 1987లో కరెన్ మెక్‌కోంబ్ న్యూజిలాండ్ ఫారాల్లో తేల్చారు. మగజింక అరుపుల రికార్డులు మాత్రమే విన్న ఆడజింకలు, విననివాటికన్నా ముందే ఎదకు వచ్చాయి. చలిదేశంలో ముందు పుట్టిన పిల్లకు, చలి ముదిరేలోగా ఒళ్లు చేసుకునే వ్యవధి దొరుకుతుంది.

మన దుప్పుల తీరు వేరు. ఒకే మందలో ఒకదాని కొమ్ములు గట్టిపడి నిగనిగలాడుతుంటే, పక్కదాని కొమ్ములకు ఇంకా మెత్తని నూగుచర్మం ఉంటుంది. మగవన్నీ ఒక్కసారే మదానికి రావు. పిల్లలు ఏడాది పొడవునా పుడుతూనే ఉంటాయి.

గద్వాల, వనపర్తి కాపరులకు అక్కరకొచ్చే సంగతి మాత్రం గొర్రెల్లో ఉంది. పొట్టేలును కొన్ని వారాలు దూరంగా ఉంచి మళ్లీ మందలో వదిలితే, ఎద ఆగిన గొర్రెలు కూడా ఎదకు కదులుతాయి. ఆస్ట్రేలియాలో అండర్‌వుడ్ బృందం మెరినో గొర్రెల్లో దీన్ని 1944లోనే నమోదు చేసింది. పొట్టేలు ఉన్ని వాసన ముక్కుకు తగిలిన నిమిషాల్లోనే గొర్రె రక్తంలో అండాన్ని విడుదల చేయించే ఎల్‌హెచ్ హార్మోను పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. చిత్రమేమిటంటే, ఆ మొదటిసారి ఎద లక్షణాలేవీ పైకి కనిపించవు, పొట్టేలును దగ్గరికే రానివ్వదు. కొన్నిటిలో ఆ చక్రం ఆరు రోజులకే ముగిసి మళ్లీ మొదలవుతుంది. అందుకే దాటు రెండు విడతలుగా పడుతుంది: 18వ రోజు అటూఇటుగా కొన్ని, 24వ రోజు అటూఇటుగా మిగతావి.

మన దగ్గర పగటి నిడివి ఏడాదంతా 11 నుంచి 13 గంటల మధ్యే కనుక, గొర్రెలకు ఎద పూర్తిగా ఆగదు. ఎదను మేతే ఎక్కువగా నడిపిస్తుంది. అంతమాత్రాన పొట్టేలు ప్రభావాన్ని వదులుకోనక్కర్లేదు. 2017లో తెలంగాణలో మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. రాత్రింబవళ్లు మందలోనే ఉండే పొట్టేలు గొర్రెలకు అలవాటైపోతుంది. ఈత ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంది. మేత లేని నడివేసవిలో ఈనిన తల్లికి పాలు చాలవు. కొత్త పొట్టేలుకు మాత్రం గొర్రెలు బాగా స్పందిస్తాయి. అందుకే తొలకరి గడ్డి మొలిచాక ఇద్దరు కాపరులు పొట్టేళ్లను మార్చుకుంటే మేలని నా ఉద్దేశం. ఐదు నెలల చూడి కనుక, ఈతలు కార్తీక, మార్గశిరాల్లో, కోతలైన చేలల్లో మేత దొరికే రోజుల్లో పడతాయి. తండ్రే కూతుళ్లను దాటే బెడదా తప్పుతుంది.