కుడితి తొట్టికి మూత ఉందా?

నాట్ల రోజుల్లో పల్లెల్లో పగటిపూట ఇంటి పట్టున ఉండేవారు తక్కువ. తల్లి పొలానికి పోతుంది. పాకే బిడ్డ చూపు మందగించిన నాయనమ్మ దగ్గరో, ఆ పూటకు బడి మానిపించిన అక్క దగ్గరో ఉంటుంది. "చూస్తూనే ఉన్నాం, ఇంతలో జరిగిపోయింది" అని ప్రమాదం తర్వాత ఇంటివారు అనే మాట అబద్ధం కాదు. కాని కాపలా ఒక్కటే చాలదు. బిడ్డ చేతికి అందే వస్తువుల చోటు మారాలి.

ముందు నీళ్ల సంగతి. బావికి గట్టు కట్టించిన ఇళ్లలో కూడా పెరటిలోని కుడితి తొట్టిని, స్నానానికి నింపిన బకెట్టును ఎవరూ పట్టించుకోరు. ఏడాది, రెండేళ్ల పిల్లల ఒంటికి తల బరువు ఎక్కువ. తొంగి చూసి తలకిందులుగా పడితే తిరిగి లేవలేరు. జానెడు లోతు నీళ్లు చాలు. కేక కూడా వినిపించదు. పని కాగానే బకెట్టు బోర్లించాలి. తొట్టికి బిడ్డ కదల్చలేని బరువైన మూత వేయాలి. పెరటి గుమ్మానికి నడుమెత్తు తడిక కడితే ఆ దారే మూసుకుపోతుంది. నాలుగు వెదురు బద్దలు తప్ప ఖర్చేమీ లేదు.

పురుగుమందు విషయంలో రైతుల అలవాటే ప్రమాదం తెస్తోంది. పత్తి, మిరప వేసే ఇళ్లలో మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టడం మామూలే. పక్క రైతుకు కాస్త ఇవ్వాలన్నా అదే సీసా, మోటారు సైకిలు పెట్రోలుకూ అదే. రంగు చూసి బిడ్డ షర్బత్తు అనుకుంటుంది. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అది అత్యంత విషపూరితమైన మందు. సీసాలోకి మార్చితే ఆ గుర్తూ పోతుంది, మందు పేరూ పోతుంది. ఆస్పత్రిలో ముందు అడిగేది ఆ పేరే. గడ్డి మందు పారాక్వాట్‌కైతే విరుగుడే లేదు. ఏ మందైనా దాని డబ్బాలోనే, తాళం వేసిన పెట్టెలో ఉండాలి. ఖాళీ డబ్బా కడిగి నీళ్లకో నూనెకో వాడటం పొదుపు అనిపించుకోదు.

బిడ్డ తాగితే ఉప్పునీళ్లు పట్టి కక్కించరాదు. పెట్రోలు, కిరోసిన్ అయితే కక్కేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. వెంటనే 108కి ఫోను చేసి, మందు డబ్బా వెంట తీసుకుపోవాలి.

గ్యాసు పొయ్యి గట్టు మీదికి చేరినా, చాలా ఇళ్లలో గంజి వార్చే గిన్నె ఇంకా నేల మీదే ఉంటుంది. ఒళ్లు కాలితే 20 నిమిషాల పాటు మామూలు చన్నీళ్లు పోయాలి. సిరా, పేస్టు, పసుపు పూయరాదు.

వేరుశనగ గింజలు, చింతపిక్కలు, ఆటబొమ్మల్లోని బిళ్ల బ్యాటరీలు నేల మీద దొరకనీయరాదు. బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల పుండు చేస్తుంది. ఏడాదిలోపు బిడ్డకు గింజ అడ్డుపడి ఊపిరాడకపోతే ముంజేతిపై బోర్లా పడుకోబెట్టి, తల కిందికి ఉంచి, వీపు మీద రెండు భుజాల నడుమ 5 సార్లు గట్టిగా చరచాలి. కంటికి కనబడని గింజ కోసం నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది.