ఎల్‌బీ లేని మ్యాచ్‌లు.. వేలెత్తే ఉద్యోగం

ఆదివారం పొద్దున ఆలేరులో టెన్నిస్ బంతితో మ్యాచ్ మొదలయ్యే ముందు ఇద్దరు కెప్టెన్లు మాట్లాడుకునే రూల్స్ మీకు కొత్తేం కాదు. ఎన్ని ఓవర్లు, గోడ దాటితే ఎన్ని పరుగులు.. ఆ వెంటనే వచ్చే మాట: "ఎల్‌బీ లేదన్నా". ఎందుకు లేదు? అంపైర్‌గా నిలబడేది బ్యాటింగ్ టీమ్ పోరడే కాబట్టి. వాడు తన దోస్తుకు వేలెత్తుతాడన్న నమ్మకం ఎవరికీ లేదు. నమ్మకం లేదు కాబట్టి రూల్‌నే తీసేశాం. వైడ్‌ను మాత్రం తీసేయలేం కదా, అందుకే "గది వైడెట్లయితది?" అంటూ అక్కడ కొట్లాట. మరీ ముదిరితే బ్యాటున్నోడు బ్యాటు చంకన పెట్టుకుని ఇంటికి పోతాడు. మ్యాచ్ ఖతం.

మనం తీసేసిన ఆ రూల్ దగ్గరే ఒక హైదరాబాద్ అంపైర్ ప్రపంచమంతా చూస్తుండగా పొరపాటు పడ్డారు. 2017 జనవరి 29, నాగ్‌పూర్. భారత్, ఇంగ్లండ్ రెండో టీ20. ఆఖరి ఓవర్లో ఇంగ్లండ్‌కు కావాల్సింది 8 పరుగులు. బుమ్రా వేసిన మొదటి బంతికే జో రూట్ ఎల్‌బీడబ్ల్యూ అని వేలు లేచింది. రీప్లే చూస్తే బంతి ముందు బ్యాటుకు తగిలి, ఆ తర్వాతే ప్యాడ్‌ను తాకింది. అంటే ఔట్ కాదు. అప్పట్లో అంతర్జాతీయ టీ20ల్లో డీఆర్ఎస్ లేదు, అడగడానికి రూట్‌కు దారి లేదు. భారత్ 5 పరుగుల తేడాతో గెలిచింది. వేలెత్తినది హైదరాబాద్‌కు చెందిన సి. శంషుద్దీన్.

గెలిచింది మనం కాబట్టి ఆ రాత్రి మన ఫోన్లలో బుమ్రా పొగడ్తలే తిరిగాయి. అదే వేలు కోహ్లికి లేచి ఉంటే? మీరేం రాసేవారో మీకే తెలుసు.

ఇంగ్లండ్ కెప్టెన్ మోర్గాన్ తన అసంతృప్తిని దాచుకోలేదు. అయితే మైదానంలో గొడవకు దిగలేదు, మ్యాచ్ రిఫరీ ద్వారా తమ మాట చెబుతామన్నాడు. బెంగళూరులో మూడో మ్యాచ్‌కు శంషుద్దీన్ మైదానంలో నిలబడలేదు, టీవీ అంపైర్ కుర్చీకి మారారు. అదే ఏడాది సెప్టెంబరు ఆఖరులో అమల్లోకి వచ్చిన ఐసీసీ నిబంధనలతో టీ20లకూ డీఆర్ఎస్ వచ్చింది. ఆ ఒక్క బంతి వల్లే వచ్చిందనలేం. కానీ అలాంటి బంతులు ఎన్ని పడితే ఒక నిబంధన మారుతుందో ఆలోచించండి.

ఇంకో సంగతి కూడా ఉంది. శంషుద్దీన్ అక్కడితో ఆగిపోలేదు. 2021 ఫిబ్రవరిలో అహ్మదాబాద్‌లో ఇంగ్లండ్‌తోనే జరిగిన పింక్ బాల్ టెస్టుకు టీవీ అంపైర్ ఆయనే. అక్కడా ఇంగ్లండ్ ఆటగాళ్లు సణిగారు. ఐపీఎల్‌లోనూ నిలబడ్డారు. పొద్దున పేపర్లో తన తప్పు గురించి చదువుకుని, సాయంత్రం మళ్లీ తెల్లకోటు వేసుకోవాలి. అంపైర్ ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదేనని నా అనుమానం.

బ్యాటింగ్ టీమ్ మనిషే అంపైర్ అన్న అనుమానం మన ఊరిదే కాదు. ఒకప్పుడు టెస్టు మ్యాచ్‌లకూ ఆతిథ్య దేశం అంపైర్లే ఉండేవారు. ఓడినవాళ్లకు ఎప్పుడూ అదే అనుమానం. దాన్ని తుడిచేయాలని 1986లో పాకిస్తాన్, వెస్టిండీస్ లాహోర్ టెస్టుకు మూడో దేశం నుంచి ఇద్దరు అంపైర్లను పిలిచారు. ఒకరు పీలూ రిపోర్టర్, ఇంకొకరు మన హైదరాబాద్ వి.కె. రామస్వామి. తటస్థ అంపైర్ల పద్ధతికి నాంది పలికిన జంటలో మనవాడున్నాడన్న సంగతి మన క్విజ్ పుస్తకాల్లో పెద్దగా కనపడదు, ఎందుకో మరి.

కెమెరా పెడితే గొడవ పోతుందనుకుంటే అదీ పొరపాటే. అమెరికా సంగతి చూడండి. అక్కడి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌కు బోలెడన్ని కెమెరాలు, బోలెడంత డబ్బు. 2019 జనవరి 20న న్యూ ఓర్లీన్స్ సెయింట్స్, లాస్ ఏంజెలిస్ రామ్స్ మధ్య సెమీఫైనల్ లాంటి మ్యాచ్. ఆఖరి నిమిషాల్లో సెయింట్స్ ఆటగాడు బంతి అందుకునేలోపే ప్రత్యర్థి అతన్ని గుద్ది పడేశాడు. అది స్పష్టమైన ఫౌల్. రిఫరీలు జెండా విసరలేదు. రామ్స్ 26-23తో గెలిచి ఫైనల్‌కు పోయింది. అభిమానులు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. కేసు లూసియానా సుప్రీంకోర్టు దాకా పోయి అక్కడ కొట్టేశారు. అలాంటి ఫౌల్‌నూ రీప్లేలో చూడొచ్చని లీగ్ ఆ ఏడాది రూల్ తెచ్చింది. అది ఎవరికీ నచ్చక మరుసటి ఏడాదే తీసేసింది. ఎల్‌బీ తీసేసిన మనం, రీప్లే తీసేసిన వాళ్లు.. పెద్ద తేడా ఏముంది?

మీలో చాలామంది గ్రూప్స్‌కు చదువుతున్నారు. ప్రిలిమినరీ కీ వచ్చిన రాత్రి ఒక్క ప్రశ్న తప్పిచ్చారని గుండె మండిన రోజు మీకూ ఉంటుంది. గ్రూపుల్లో తిట్టినవాళ్లకు మార్కు రాదు. గడువులోపల పుస్తకం పేజీ నంబరుతో అభ్యంతరం పెట్టినవాళ్లకు రావొచ్చు, రాకపోవచ్చు. డీఆర్ఎస్‌లో ఆ గడువు 15 సెకన్లు. మోర్గాన్ మ్యాచ్ రిఫరీ దగ్గరికి వెళ్తానన్నదీ ఆ బాటే.

ఇక ఉద్యోగం సంగతి. అంపైర్ కావడానికి రంజీ ఆడి ఉండాల్సిన పని లేదు. రాష్ట్ర క్రికెట్ సంఘం పరీక్షతో మొదలుపెట్టి, లీగ్ మ్యాచ్‌ల్లో నిలబడి అనుభవం సంపాదించి, ఆపై బీసీసీఐ పరీక్షకు వెళ్లాలి. ఆ పరీక్ష ఎంత గట్టిదంటే, మహిళల, జూనియర్ మ్యాచ్‌ల కోసం 2022లో అహ్మదాబాద్‌లో పెట్టినదానికి 140 మంది కూర్చుంటే ముగ్గురే పాసయ్యారు. మొత్తం 200 మార్కులు: రాత పరీక్షకు 100, వైవాకు 35, వీడియో పరీక్షకు 35, శారీరక పరీక్షకు 30. ఎలాంటి ప్రశ్నలంటే, పెవిలియన్ నీడ పిచ్ మీద పడుతోందని బ్యాటర్ ఫిర్యాదు చేస్తే ఏం చేస్తారు? పట్టించుకోనక్కర్లేదు. అదే ఫీల్డర్ నీడ అయితే? అతన్ని కదలకుండా నిలబడమనాలి, లేదంటే డెడ్ బాల్. బౌలర్ వేలికి నిజంగానే గాయమై టేపు చుట్టుకుంటే, తీస్తే రక్తం కారేలా ఉంటే? బౌలింగ్ చేయాలంటే తీయాల్సిందే. జాలిపడితే మార్కు పోయినట్టే.

పాసైతే సంపాదనా బాగానే ఉంటుంది. 2022 నాటి లెక్క ప్రకారం పై గ్రూపుల అంపైర్లకు ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌కు రోజుకు 40 వేలు, కింది గ్రూపులకు 30 వేలు. కానీ మ్యాచ్ ఉన్న రోజులకే ఈ డబ్బు. అక్కడి దాకా పోవడానికి ఏళ్లు పడుతుంది, అన్నాళ్లూ తిండికి వేరే పని ఉండాలి. ఎన్ఎఫ్ఎల్ రిఫరీల్లోనూ ఎక్కువమంది మిగతా రోజుల్లో వేరే ఉద్యోగం చేసుకునేవాళ్లే. అమ్మాయిలకూ దారి ఉంది. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసీసీ మ్యాచ్ రిఫరీల ప్యానెల్‌లో చేరిన తొలి మహిళ.

క్రికెట్ చట్టాలు మొత్తం 42. ఎంసీసీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఆలేరు నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో రోజూ పోయొచ్చేవాళ్లు ప్రయాణానికి ఒక్కో చట్టం చదివినా రెండు నెలల్లోపే అయిపోతాయి. ఎల్‌బీడబ్ల్యూ 36వది. బంతి ముందుగా బ్యాటుకు తగిలిందా లేదా అన్న మాట అందులో మొదట్లోనే ఉంటుంది. వచ్చే ఆదివారం మ్యాచ్‌లో బ్యాటింగ్ ఆర్డర్ కోసం కొట్లాడకండి, రెండు ఇన్నింగ్స్‌లూ నేనే అంపైర్‌గా ఉంటానని చెప్పి చూడండి. "ఎల్‌బీ ఉంది" అని కూడా చెప్పండి. మొదటి వేలు మాత్రం మీ టీమ్ దోస్తుకే లేపాల్సి రావొచ్చు.