దీపం క్రింది చీకటి

న్యాయశాస్త్రం పదహారు పదార్థాలను పేర్కొన్నది. ప్రమాణ ప్రమేయాల తరువాత వాటిలో మూడవది సంశయం. తర్కమూ నిర్ణయమూ ఆ వెనుక వచ్చేవే. సంశయం పుట్టనిచోట విచారణకు పనిలేదని ఆ శాస్త్రకారుల మతం. విద్యుచ్ఛక్తి విషయంలో ప్రజలు వెలిబుచ్చే సందేహాలను విని అసహనం చెందేవారు ఈ సంగతిని జ్ఞాపకం చేసుకొనడం మంచిది.

బొగ్గు పొగ భూగోళాన్ని వేడెక్కిస్తున్నదని తేలిన తరువాత మానవుని ముందు రెండు దారులు నిలిచినవి. ఎండ, గాలి, నీరు మొదలైన తరగని వనరుల దారి ఒకటి. అణుశక్తి దారి మరొకటి. ఈ రెండింటిమీదను జనానికి అనుమానాలే. మొదటిది చాలదేమోనన్న శంక, రెండవది ముంచునేమోనన్న భయం.

మొదటి శంకను లెక్కతో పరిశీలించవచ్చును. కర్నూలు ప్రాంతంలో గని, శకునాల గ్రామాల నడుమ 2017లో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రం వెలసినది. అది సుమారు 5,900 ఎకరాల మేర పరచుకొన్నది. వెయ్యి మెగావాట్లన్నది మిట్టమధ్యాహ్నపు మాట. రాత్రినీ మబ్బునూ కలుపుకొని చూస్తే అటువంటి క్షేత్రం తన శక్తిలో అయిదవ వంతుమాత్రమే సగటున ఇవ్వగలదు. అనగా ఏడాదికి సుమారు 175 కోట్ల యూనిట్లు. అదే పరిమాణంగల అణువిద్యుత్ కేంద్రం నూటికి ఎనభై పాళ్ళు పనిచేసినను 700 కోట్ల యూనిట్లు ఇస్తుంది. పైగా ఇంటింటా దీపం పెట్టేవేళకు సూర్యుడు అస్తమిస్తాడు. కనుక ఎండను నమ్ముకొంటే సాయంకాలం మాటేమిటని సామాన్యుడు అడగడం అజ్ఞానం కాదు. ఇంజనీర్లను వేధిస్తున్న ప్రశ్నయు అదే.

దానికి సమాధానం లేకపోలేదు. విద్యుత్తు మిగిలినవేళ నీటిని మీది జలాశయానికి ఎక్కించి, కావలసినవేళ క్రిందికి వదలి టర్బైన్లను త్రిప్పడం పాత ఉపాయమే. అట్లు రెండు వైపులా తిరుగగల 150 మెగావాట్ల యంత్రాలు ఆరు శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఉన్నవి. కర్నూలు సీమలోని పిన్నాపురంవద్ద తలపెట్టిన 1,680 మెగావాట్ల పథకానికి మూలసూత్రం ఇదే. బ్యాటరీలు కూడ నానాటికి చౌక అవుతున్నవి. అయితే నిలువచేయడానికి అయ్యే ఖర్చును చెప్పకుండ, పగటి విద్యుత్తు ధరనుమాత్రమే చూపి చౌక చౌక అని చాటితే, వినేవాడు సంశయించక ఏమి చేస్తాడు?

గాలిమరల విషయంలో మరొక విధమైన అనుమానం ఉన్నది. అవి మబ్బులను చెదరగొట్టి వానలను తరిమివేస్తున్నవని మహారాష్ట్ర పల్లెలలో కొందరు రైతులు వాదించినారు. శాస్త్రరీత్యా ఇది నిలువదు. మర ఇరుసు నేలకు నూరు మీటర్ల ఎత్తున ఉంటే, వానమబ్బు వందల మీటర్లనుండి వేల మీటర్ల వరకు ఆవరించి ఉంటుంది. ఆ మబ్బును తెచ్చేది సముద్రంమీదినుండి వీచే ఋతుపవనం. కాని ఆ మాట పుట్టిన చోటును గమనించవలెను. కొండమీద మర తిరుగుతున్నది. దాని విద్యుత్తు తీగలవెంట పట్టణానికి పోతున్నది. ఆదాయం మరెవరికో చేరుతున్నది. పల్లెకు మిగిలినది కరవు. అట్టి స్థితిలో కరవును మరతో ముడిపెట్టడం తర్కదోషమే కావచ్చును, కాని అందులోని బాధ అసత్యం కాదు. సౌరక్షేత్రాలకు ఇచ్చే భూమి కూడ దస్తావేజులలో బంజరు. గొఱ్ఱెల కాపరికి అది మేతబీడు. పట్టా ఉన్నవానికి పరిహారం లభిస్తుంది. మంద తోలుకొని తిరిగేవానికి పట్టా ఎక్కడిది?

ఇక అణుశక్తి. ఉత్పత్తి అయిన యూనిట్ల లెక్కన చూస్తే బొగ్గు బలిగొన్న ప్రాణాలు అణువిద్యుత్తు బలిగొన్న వాటికంటె ఎన్నో రెట్లు అధికం. ఇది సత్యమే. కాని బొగ్గు పొగ దినదినమూ కొద్దికొద్దిగా, పేరు చెప్పకుండ చంపుతుంది. చెర్నోబిల్ 1986లో కొద్ది రోజులలోనే లోకమంతటికి తెలిసినది. 2011 మార్చి 11న జపానులో భూకంపం రాగానే ఫుకుషిమా కేంద్రంలో పనిచేస్తున్న రియాక్టర్లు విధిప్రకారం ఆగినవి. ఆగినను లోపలి ఇంధనపు వేడి చల్లారదు. దానికి నీరు పారుతూనే ఉండవలెను. వెనువెంటనే వచ్చిన సునామీ డీజిల్ జనరేటర్లను ముంచివేసినది. లక్షకు పైగా జనం ఇండ్లు విడిచిపోవలసి వచ్చినది. వాడిన ఇంధనంలోని ప్లుటోనియం సగం తరగడానికే సుమారు 24,000 సంవత్సరాలు పడుతుంది. అంతకాలం కావలి కాయగల ప్రభుత్వమేది అన్న ప్రశ్నను పిరికితనమని త్రోసివేయరాదు.

ఇట్టి ప్రశ్నలు శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడకు దూరపు ముచ్చట్లు కావు. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల రియాక్టర్లు ఆరింటికి ఆ తీరాన్ని నిర్ణయించినారు. ఈ అమెరికా రియాక్టర్లను మొదట గుజరాతులోని మీఠీవిర్దివద్ద నెలకొల్పదలచినారు. అక్కడి రైతులు ప్రతిఘటించినారు. 2016లో పథకం కొవ్వాడకు మారినది. మరుసటి ఏడు, 2017 మార్చిలో, రియాక్టర్ల నిర్మాత వెస్టింగ్‌హౌస్ దివాలా రక్షణ కోరినది. ఆ తరహా రియాక్టర్లు రెండు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో 2023, 2024 సంవత్సరాలలో పని ప్రారంభించినవి. అప్పటికి వాటి వ్యయం తొలి అంచనాకు రెండింతలు దాటినది. అక్కడివారు వద్దన్నది మాకు ఎట్లు క్షేమమైనదని కొవ్వాడ మత్స్యకారుడు అడిగితే, అణుభౌతికశాస్త్ర పాఠం చెప్పడం సమాధానం కాజాలదు. ఆతడు అడుగుతున్నది అణువునుగూర్చి కాదు, తన్నుగూర్చి. వేడినీరు కలిసిన కడలిలో చేప నిలుస్తుందా? ఊరు లేచిపోతే పడవ ఎక్కడ లంగరు వేయవలెను? నష్టం కలిగితే పూచీ ఎవరిది?

ఈ సందేహాలన్నింటినీ వడపోస్తే రెండు జాతులు తేలుతవి. ఒకటి వస్తువునుగూర్చినది, మరొకటి మనుష్యులనుగూర్చినది. యంత్రం పనిచేయునా అన్నది మొదటిది. యంత్రం నడిపేవాడు మాట నిలుపుకొనునా అన్నది రెండవది. మొదటిదానికి కొలతలు చాలును. రెండవదానికి నడవడి కావలెను. పొరుగుపొరుగున ఉన్న ఫ్రాన్సు, జర్మనీలకు తెలిసిన శాస్త్రం ఒకటే. ఫ్రాన్సు తన విద్యుత్తులో అధికభాగాన్ని అణువునుండి గ్రహిస్తున్నది. జర్మనీ 2023 ఏప్రిల్ 15న తన చివరి మూడు రియాక్టర్లను ఆర్పివేసినది. నిర్ణయాలు భిన్నమగుటకు కారణం శాస్త్రభేదం కాదు, విశ్వాసభేదం.

మన పెద్దలు చేస్తున్న పొరపాటు ఇక్కడనే ఉన్నది. రెండవజాతి ప్రశ్నకు మొదటిజాతి జవాబు ఇస్తున్నారు. ప్రమాద నివేదికలను, వ్యయపు లెక్కలను, సముద్రజలపు ఉష్ణమానాన్ని ఊరివారు చదువుకోగల తెలుగులో ప్రకటించడం, కేంద్రంతో సంబంధంలేని నిపుణులచేత కొలతలు తీయించడం, పట్టాలేని కాపరిని, పడవకూలీని కూడ నష్టపోయేవారి జాబితాలో చేర్చడం, భూమి తీసికొనుటకు ముందే అంగీకారం అడగడం, ఇవి చేయగలిగినవే. ఇవన్నీ చేసిన పిమ్మట కూడ ఒక ఊరు వద్దనవచ్చును. ఆ మాటను సహించే ఓర్పు ఉన్నప్పుడే మరొక ఊరు ఔనంటుంది.

పట్టణంలో మీట నొక్కేవానికి వెలుగు కనబడుతుంది. దీపం క్రింది చీకటి కనబడదు. కొవ్వాడ, గని, శకునాల వంటి ఊళ్ళు ఉన్నది ఆ దీపం క్రిందనే. బొగ్గును మానక తప్పదు, కాలం మించుతున్నది. కాని తొందరలో సందేహిని శత్రువుగా ఎంచితే పని మరింత ఆలస్యమగును. సంశయాన్ని ఆదరించి విన్నవానికే నిర్ణయం చేసే అధికారం కలుగుతుంది.