మీకు తెలుసా? పుట్టగొడుగును పండించేది చెదపురుగు!

వానలు పడ్డాక చెదల పుట్టలపై లేచే తెల్లటి గొడుగులు వాటంతటవి మొలిచినవి కావు, అవి చెదపురుగులు సాగుచేసిన పంట. ఎండుటాకులు, పుల్లలు తిన్న చెదలు తమ విసర్జనతో నేల లోపల స్పాంజిలాంటి గూళ్లు కడతాయి. వాటి మీద పెరిగే బూజే చెదల తిండి, ఆ బూజే గొడుగులుగా పైకి లేస్తుంది. ఆఫ్రికాలో ఈ సాగు మొదలై దాదాపు 3 కోట్ల ఏళ్లు! మనిషి వ్యవసాయానికి సుమారు 12,000 ఏళ్లే.

ఈ పుట్టగొడుగుల ప్రజాతికి 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ ‘టెర్మిటోమైసెస్’ అని పేరు పెట్టారు. పుట్టకూ గొడుగుకూ ఉన్న ఈ చుట్టరికం ‘పుట్టగొడుగు’ అనే మన తెలుగు మాటలోనే ఉంది, ఎంత చక్కటి పేరో!

తిరువూరు వైపు చేలగట్ల మీదో, మామిడి తోటలోనో ఈ గొడుగులు కనిపిస్తే పైనుంచి ఒక్క ఫొటోతో సరిపెట్టకండి. కెమెరాను నేలకు ఆనించి గొడుగు కింది రేకులను, నడినెత్తిన మట్టిని చీల్చే మొనను తీయండి. కాడ మొదట్లో మట్టి తొలగిస్తే వేరులా పొడవుగా గూటి దాకా దిగిన భాగం కనిపిస్తుంది. ఫొటో చూసి మాత్రం వండుకోవద్దు, విషపు రకాలూ ఇలాగే ఉంటాయి.

ఈ ప్రజాతిలోనే జాంబియాలో దొరికే ఒక రకం గొడుగు మీటరు వెడల్పు దాకా విప్పుకుంటుంది.