తొట్టిలోని దొంగ

బాలలూ! మా ఇంట్లో చాలా రోజులపాటు ఒక దొంగ కాపురమున్నాడు. వాడు డబ్బు ముట్టుకోలేదు, నగలు ముట్టుకోలేదు. పగలనక రాత్రనక నీళ్లు మాత్రం దొంగిలించాడు. వాణ్ణి పట్టుకున్నది నేను కాదు, ఆరో తరగతి చదివే మా మనుమడు. ఆ సంగతి చెబుతాను, వినండి.

మా మేడమీద 500 లీటర్ల ట్యాంకు ఉన్నది. ఒకసారి నింపితే ముగ్గురికి రెండు రోజులు వచ్చేది. పోయిన వేసవిలో అది ఒక్క రోజుకే ఖాళీ కాసాగింది. మా వాడికి కుళాయి తిప్పి వదిలేసి పళ్లు తోముకునే అలవాటున్నది. ఇంకేం? “నీళ్లన్నీ నువ్వే పారబోస్తున్నావు!” అని గట్టిగా కేకలేశాను. వాడు కళ్లనీళ్లు పెట్టుకుని, మారుమాట లేకుండా వెళ్లిపోయాడు.

ఆ రాత్రి అందరూ పడుకున్న తరువాత వాడు వచ్చి నన్ను లేపాడు. “తాతయ్యా, మరుగుదొడ్లో ఏదో చప్పుడవుతోంది. ఒకసారి వచ్చి విను,” అన్నాడు. వెళ్లి చెవి పెట్టాను. ఫ్లష్ ట్యాంకులోనుంచి సన్నగా సుయ్‌మని శబ్దం!

ఆ ట్యాంకు ఎలా పనిచేస్తుందో ముందు తెలుసుకోండి. మీట నొక్కగానే అడుగున ఉన్న బిరడా లేచి, నీళ్లు ఒక్కసారిగా కిందికి దూకుతాయి. తరువాత బిరడా తన చోట కూర్చుంటుంది. ట్యాంకులోకి కొత్త నీళ్లు వస్తాయి. వాటితోపాటు ఒక బోలు బంతి పైకి తేలివచ్చి, తన కాడతో నీళ్లు వచ్చే దారిని మూసేస్తుంది. నీటిలో మునిగిన వస్తువు ఎంత నీటిని పక్కకు తోస్తే, అంత నీటి బరువుకు సమానమైన బలంతో నీరు దాన్ని పైకి నెడుతుంది. సుమారు 2,200 సంవత్సరాల క్రితం ఆర్కిమిడీస్ కనిపెట్టిన ఈ నియమమే మీ ఇంట్లో రోజూ కాపలా కాస్తున్నదన్నమాట!

అయితే దొంగకు రెండు దారులున్నాయి. బిరడా సరిగా కూర్చోకపోతే నీళ్లు అడుగునుంచి జారిపోతాయి. బంతి సరిగా మూయకపోతే నీళ్లు అవసరానికి మించి పెరిగి, మధ్యనున్న పొర్లుగొట్టంలోనుంచి పోతాయి. ఏ దారో తెలుసుకోవటం ఎలా?

మర్నాడు ఉదయం నేను ట్యాంకు మూత తీశాను. పింగాణీ మూత బరువుగా ఉంటుంది గనక ఆ పని పెద్దవాళ్లే చేయాలి. నీళ్లు వచ్చే కుళాయి కట్టేసి, నీటిమట్టం దగ్గర మా వాడు పెన్సిలుతో గీత గీశాడు. సరిగా అరగంటకు చూస్తే నీరు 10 సెంటీమీటర్లు దిగిపోయింది. కుళాయి కట్టేసినా నీరు తగ్గిందంటే దోషం అడుగున ఉన్నట్టే గదా!

ఇక లెక్క వేశాము. ట్యాంకు పొడవు 40 సెంటీమీటర్లు, వెడల్పు 15. వీటిని 10తో హెచ్చిస్తే 6,000 ఘనసెంటీమీటర్లు, అనగా 6 లీటర్లు. గంటకు 12 లీటర్లు, రోజుకు 288 లీటర్లు! మా ఇంటి బిందెలో 12 లీటర్లు పడతాయి. గంటకొక బిందె చొప్పున రోజుకు 24 బిందెల మంచినీళ్లు మురుగులో కలిశాయన్నమాట.

మిగిలిన నీళ్లు వదిలేసి బిరడా ఊడదీశాము. అది కూర్చునే చోట తెల్లని పొర గట్టిగా పేరుకుని ఉన్నది. బోరునీళ్లలోని సున్నపు పదార్థమది. నిమ్మరసం పిండితే చిన్నచిన్న బుడగలు వచ్చాయి. పులుపు తగిలి పుట్టిన బొగ్గుపులుసు వాయువే ఆ బుడగలు. పాతగుడ్డతో రుద్ది శుభ్రం చేశాము. బిరడాకున్న రబ్బరు వాషరు కూడా బిగుసుకుపోయి పగిలింది. దాన్ని చేత్తో పట్టుకుపోయి, దుకాణంలో అదే కొలతది కొని తెచ్చి వేశాము. మళ్లీ గీత గీసి అరగంట కూర్చున్నాము. నీరు వెంట్రుకవాసి కూడా దిగలేదు!

మీ ఇంట్లో నీరు పొర్లుగొట్టం అంచుదాకా వస్తున్నదా? అయితే బంతిని కిందికి సర్దండి. నీరు అంచుకు రెండు సెంటీమీటర్ల కిందనే ఆగాలి. బంతిని చెవి దగ్గర ఊపితే గలగలమన్నదా? దానికి చిల్లుపడి లోపలికి నీళ్లు చేరినట్టే, కొత్తది వేయించండి. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవటం మరవకండి.

ఇంకొక మరమ్మతు మిగిలింది. “పరీక్షించి చూడనిదే దేన్నీ నిజమనకండి,” అని బడిలో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినవాణ్ణి, ఏ పరీక్షా లేకుండా మా వాడిమీద నేరం మోపాను. వాణ్ణి పిలిచి, “తప్పు నాదిరా,” అన్నాను. వాడు నవ్వి, “పళ్లు తోముకునేటప్పుడు నేనూ కుళాయి కట్టేస్తానులే, తాతయ్యా!” అన్నాడు.

ఈ రాత్రి ఇల్లంతా సద్దుమణిగాక మీరు కూడా ఒకసారి చెవి పెట్టి వినండి.